ఇంట్లో తోలు పని: చెన్నైలో మొదలుపెట్టేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడేళ్ళుగా సాయంత్రాలు, ఆదివారాలు తోలుతో పర్సులు, బెల్టులు కుడుతున్నాను. అన్నానగర్‌లో మా ఇంటి వెనక వరండాలో ఒక బల్ల, దాని మీద ఒక కడప బండ, అదే నా వర్క్‌షాప్. చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్ళు, కొత్తగా ఈ పని మొదలుపెట్టినవాళ్ళు, నెలనెలా అవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఒక మాట మాత్రం ముందే చెప్తాను. ఇటలీ తోలు, జపాన్ పనిముట్లు ఉంటే తప్ప మంచి వస్తువు రాదన్న భయం పెట్టుకోకండి. మనం ఉంటున్నది తోలు ఊళ్ళోనే.

## మొదలుపెట్టే ముందు

నాకు ఏమీ రాదు. మొట్టమొదట ఏం కుట్టాలి?

కార్డులు పెట్టుకునే చిన్న కవరు. 10 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న రెండు ముక్కలు కోసి, మూడు వైపులా కుట్టి, పై అంచులో బొటనవేలు పట్టేంత అర్ధచంద్రం కోస్తే చాలు. ఏటీఎం కార్డు కొలత ప్రపంచమంతా ఒకటే, 85.6 × 54 మిల్లీమీటర్లు. కాబట్టి కుట్టుకి చోటు పోగా మూడు నాలుగు కార్డులు హాయిగా పడతాయి. కుట్టు మొత్తం పొడవు 22 సెంటీమీటర్లు, అంటే సుమారు 55 కుట్లు. కోత, అతుకు, రంధ్రాలు, కుట్టు, అంచు నునుపు, అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి. ఇలాంటివి ఐదు చేశాక పర్సుకి వెళ్ళండి. నేరుగా బ్యాగు మొదలుపెట్టి సగంలో వదిలేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

ఎంత ఖర్చవుతుంది?

మొదటి నెలలో నాకు తోలుతో కలిపి మూడున్నర వేలు అయింది. ఇప్పుడు ధరలు పెరిగి ఉంటాయి. డబ్బు తక్కువగా ఉంటే తోలు ముక్కలు తూకానికి కొనుక్కోండి, పనిముట్లలో మిగిలినవి ఎలా ఉన్నా కుట్టు రంధ్రాలు వేసే చిజెల్ ఒక్కటి మంచిది కొనండి. వంకర పళ్ళ చిజెల్‌తో ఎంత జాగ్రత్తగా కుట్టినా కుట్టు వంకరే.

ఇంట్లో పెద్దవాళ్ళు తోలు లోపలికి తేవద్దంటున్నారు. ఎలా ఒప్పించాలి?

మా నాయనమ్మ కూడా అలాగే అంది. ఆవిడ మనసులో ఉన్నది పచ్చితోలు, దాని కంపు. నేను చెట్టు బెరడుతో పదును చేసిన (అంటే కుళ్ళకుండా శుద్ధి చేసిన) మేకతోలు ముక్క ఒకటి ఆవిడ చేతిలో పెట్టాను. వాసన చూసి, "ఇది కరక్కాయ వాసనలా ఉందేరా" అంది. వరండా దాటి లోపలికి తీసుకురాను, వంటగది కత్తి, బల్ల ముట్టుకోను అని మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను.

ఇంకో సంగతి కూడా ఇంట్లో మాట్లాడాలి. ఈ పని తరతరాలుగా చేసినవాళ్ళని మనం ఊరి చివర ఉంచాం. చెప్పులు మాత్రం వాళ్ళ చేతివే తొడుక్కున్నాం. మనకి ఇది సరదా, వాళ్ళకి బతుకు. మీ వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గర కాసేపు కూర్చుని ఆరె (తోలుకి రంధ్రాలు పొడిచే మొన ఉన్న పనిముట్టు) పట్టుకోవడం ఎలాగో అడగండి. ఆ సమయానికి డబ్బు ఇవ్వండి, "అన్నా" అని పిలవండి. నా ఆరె పట్టు అలా నేర్చుకున్నదే.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. సుత్తి చప్పుడుకి కిందివాళ్ళు గొడవ చేయరా?

చేస్తారు. బల్ల కాలు నేరుగా నేల మీద మోగకుండా కింద మందపాటి రబ్బరు డోర్‌మ్యాట్ వేయండి. గది మధ్యలో కాకుండా పిల్లర్ పక్కన మూలలో కొట్టండి. బల్ల మధ్యలో కాకుండా కాలికి సరిగ్గా పైన బండ పెడితే దెబ్బ గట్టిగా దిగుతుంది, తక్కువ దెబ్బలతో పని అయిపోతుంది. రాత్రి పూట అయితే చిజెల్‌తో గుర్తులు మాత్రం నొక్కి, రంధ్రాలు ఆరెతో చేత్తోనే పొడవండి. నెమ్మదిగా సాగుతుంది కానీ చప్పుడే ఉండదు.

చెన్నైలో ఎవరైనా నేర్పిస్తారా?

గిండీలో సెంట్రల్ ఫుట్‌వేర్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అడయార్‌లో 1948లో మొదలైన కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ, సీఎల్ఆర్ఐ, ఉంది. ఇవి ముఖ్యంగా పరిశ్రమ కోసం నడిచేవి, అప్పుడప్పుడు వచ్చే చిన్న కోర్సులకి దరఖాస్తు చేయొచ్చు. సీఎల్ఆర్ఐ పేరు వింటే నాకు యలవర్తి నాయుడమ్మ గారు గుర్తొస్తారు. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టి, ఈ సంస్థకి డైరెక్టర్ అయి, దాన్ని ప్రపంచం గుర్తించేలా నిలబెట్టిన మనిషి. చెన్నైలో తోలు పని నేర్చుకునే తెలుగువాళ్ళకి ఆ పేరు తెలిసి ఉండాలని నా కోరిక.

## తోలు కొనేటప్పుడు

చెన్నైలో తోలు ఎక్కడ కొనాలి?

పెరియమేట్. సెంట్రల్ స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. సైడెన్‌హామ్స్ రోడ్డు, దాని చుట్టుపక్కల సందుల్లో తోలు కొట్లు వరసగా ఉంటాయి. తోలుతో పాటు బకిల్స్, జిప్పులు, రివెట్లు, జిగురు, దారం అమ్మే కొట్లు కూడా అక్కడే. ఆదివారం వెళ్ళకండి. శుక్రవారం అయితే మధ్యాహ్నం నమాజు వేళ తప్పించి వెళ్ళండి. మొదటిసారి ఏమీ కొనకుండా నాలుగైదు కొట్లు తిరిగి, చేత్తో పట్టుకుని చూసి రండి. హోల్‌సేల్ కొట్లలో ఒక్క తోలు అమ్మడానికి కొందరు ఒప్పుకోరు. నొచ్చుకోకుండా పక్క కొట్టుకి వెళ్ళండి. తేనెమైనం కావాలంటే పార్క్‌టౌన్‌లో రాసప్ప చెట్టి వీధి నాటు మందుల కొట్లలో దొరుకుతుంది.

నాకు తమిళం సరిగ్గా రాదు. బేరం ఎలా?

తమిళంలో తోలుని తోల్ అనే అంటారు, భయం లేదు. మేకది ఆట్టుత్తోల్, ఆవుది మాట్టుత్తోల్, గేదెది ఎరుమైత్తోల్. ఉర్దూ మాట్లాడే వ్యాపారులు ఎక్కువ కాబట్టి హైదరాబాదీ హిందీ వస్తే ఇంకా సులువు. ధర చదరపు అడుగుకి చెప్తారు. తోలు వెనకవైపు ఒక అంకె రాసి ఉంటుంది, అది ఆ తోలు మొత్తం విస్తీర్ణం. ధర అడిగే ముందే ఆ అంకె చూసుకోండి. మేకతోలు మామూలుగా నాలుగైదు చదరపు అడుగులు వస్తుంది. ఆవుతోలు సగం కొన్నా ఇరవై అడుగుల దాకా ఉంటుంది కాబట్టి బిల్లు చూసి కంగారు పడతారు.

వెజ్ టాన్, క్రోమ్ టాన్ అంటున్నారు. తేడా ఏమిటి? నాకు ఏది కావాలి?

పచ్చితోలు కుళ్ళకుండా పదును చేయడానికి రెండు ముఖ్యమైన దారులు. చెట్ల బెరడు, కాయల్లోని వగరుతో చేస్తే వెజ్ టాన్. క్రోమియం లవణాలతో చేస్తే క్రోమ్ టాన్. బెరడు పద్ధతికి వారాలు పడుతుంది, క్రోమ్ ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. అందుకే ప్రపంచంలో ఎక్కువ తోలు క్రోమ్‌దే. మన క్రోమ్‌పేటకి ఆ పేరు వచ్చింది కూడా అక్కడి క్రోమ్ తోలు ఫ్యాక్టరీ వల్లే.

చేతిపనికి తేడా ఇలా తెలుస్తుంది. వెజ్ టాన్ కాస్త బిరుసుగా ఉంటుంది, తడిపి వంచితే ఆ రూపంలోనే ఆరిపోతుంది, అంచు రుద్దితే అద్దంలా మెరుస్తుంది, ఎండకి, చేతి తాకిడికి రంగు ముదురుతుంది. క్రోమ్ మెత్తగా జారుతుంది, రంగులు బోలెడు దొరుకుతాయి, నీళ్ళకి పెద్దగా లొంగదు, కానీ అంచు ఎంత రుద్దినా దూదిలా లేస్తుంది. నేర్చుకునేవాళ్ళకి వెజ్ టానే మంచిది, ఎందుకంటే మీ తప్పు మీకు కనిపిస్తుంది.

ఇక్కడ మనకి ఒక అదృష్టం ఉంది. తమిళనాడులో ఈఐ తోలు అని ఒకటి తయారవుతుంది. ఈస్ట్ ఇండియా తోలు అన్న పేరుకి అది పొట్టి రూపం, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దిండిగల్, తిరుచ్చి, ఈరోడ్ వైపు చేస్తారు. పాతకాలంలో దీన్ని తంగేడు బెరడుతో పదును చేసి, చివర కరక్కాయ నీళ్ళలో ముంచేవారు. బతుకమ్మలో పేర్చుకునే ఆ తంగేడే. ఇప్పుడు తంగేడు బదులు ఎక్కువగా వాటిల్ అనే చెట్టు బెరడు వాడుతున్నారు. లేత గోధుమ రంగులో, రంగు వేయని తోలుగా దొరుకుతుంది. బొమ్మలు చెక్కే పనికి పనికొచ్చేంత బిరుసు ఉండదు గానీ, పర్సులకి, పుస్తకాల అట్టలకి, బ్యాగుల లోపలి అరలకి నాకు దీనికి మించింది దొరకలేదు. కొట్లో "ఈఐ" అని అడగండి, అర్థమవుతుంది.

వెజ్ టాన్ అని అమ్మారు. నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

కోసిన అంచు చూడండి. మధ్యలో నీలంగా, బూడిద రంగుగా గీత కనిపిస్తే అది క్రోమ్. అంచు అంతా ఒకే గోధుమ రంగులో ఉంటే వెజ్ టాన్ అయ్యే అవకాశం ఎక్కువ. రంగు వేయని చోట ఒక నీటి చుక్క వేస్తే వెజ్ టాన్ వెంటనే పీల్చుకుంటుంది, ఆ చోట రంగు ముదురుతుంది. ఇంకా అనుమానం ఉంటే గోరంత ముక్క మరుగుతున్న నీళ్ళలో వేయండి. వెజ్ టాన్ నిమిషంలో ముడుచుకుపోయి గట్టిపడుతుంది, మంచి క్రోమ్ పెద్దగా చలించదు.

ఎంత మందం తోలు కొనాలి?

పర్సు పైభాగానికి 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్లు, లోపలి అరలకి 0.8 నుంచి 1, బ్యాగుకి 2 నుంచి 2.5, బెల్టుకి 3 నుంచి 4. విదేశీ వీడియోల్లో ఔన్సుల్లో చెప్తారు, ఒక ఔన్సు దాదాపు 0.4 మిల్లీమీటరు. అరలు ఒకదాని మీద ఒకటి పడేసరికి పర్సు ఇటుకలా అవుతుంది, అందుకే లోపలిది పల్చగా ఉండాలి. మందం ఎక్కువైతే పెరియమేట్‌లోనే మిషన్ మీద పల్చన చేసిచ్చేవాళ్ళు ఉన్నారు.

తోలు విప్పి చూపించారు. నేను ఏం చూడాలి?

ముందు తిరగేసి వెనకవైపు చూడండి. చర్మం ఒలిచేటప్పుడు కత్తి దిగిన గాట్లు అక్కడే కనిపిస్తాయి. పైకి బాగానే ఉన్నా, ఆ చోట తోలు సగం మందమే ఉంటుంది, బెల్టు అక్కడే తెగుతుంది. తర్వాత నున్నటి వైపు లోపలికి వచ్చేలా వేళ్ళతో మడవండి. సన్నటి ముడతలు పడితే మంచి తోలు. పై పొర విడిపోయినట్టు లావుగా, గొట్టాల్లా ఉబ్బితే ఆ చోటు వదులు. వెన్ను భాగం గట్టిగా, పొట్ట భాగం సాగేలా ఉంటుంది. పట్టీలు ఎప్పుడూ వెన్ను పక్క నుంచి, పొడవు వెంటే కోయాలి. గోమారి మచ్చలు, ముళ్ళ గీతలు నాకైతే లోపం కాదు. ఆ జంతువు బతికిన గుర్తులవి. వాటిని కనబడేలా వాడిన పర్సులే నాకు ఇష్టం.

క్రోమ్ తోలు ఒంటికి మంచిది కాదంటారు, నిజమేనా?

తోలులో ఉండేది మూడు వేలెన్సీ క్రోమియం, దానితో భయం తక్కువ. పదును సరిగ్గా చేయనప్పుడు అది ఆరు వేలెన్సీ రూపంలోకి మారితే చర్మానికి దురద, ఎలర్జీ రావచ్చు. ఐరోపాలో 2015 నుంచి ఒంటికి తగిలే తోలులో అది కిలోకి 3 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం ఉంది. ఎగుమతి నాణ్యత తోలు కొంటే సరిపోతుంది. ముక్కలు మాత్రం కాల్చకండి, ఆ పొగ, బూడిద మంచివి కావు. అసలు నష్టం టానరీల (తోలు పదును చేసే ఫ్యాక్టరీల) నీళ్ళది. పాలారు నది పక్కన నేల, బావులు పాడైన కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పే వచ్చింది. కొన్న తోలులో గోరంత ముక్క కూడా వృథా చేయకపోవడం అందుకే నాకు ముఖ్యం.

నిమ్మలకుంట తోలుబొమ్మల తోలుతో పర్సు కుట్టొచ్చా?

కుట్టకూడదు. అది పదును చేసిన తోలు కాదు. మేకచర్మాన్ని శుభ్రం చేసి, సాగదీసి, వెలుతురు దూరేలా ఎండబెట్టినది. దీపపు షేడ్‌కి, బొమ్మకి అద్భుతంగా ఉంటుంది. పర్సులా రోజూ మడిస్తే విరుగుతుంది, చెమట తగిలితే మెత్తబడి కంపు కొడుతుంది.

రెక్సిన్ మీద ప్రాక్టీస్ చేయొచ్చా?

కోతకి చార్టు అట్ట చాలు, కుట్టుకి తోలు ముక్కలే కావాలి. రెక్సిన్ మీద చేయి అలవాటైతే తోలు మీద మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

## పనిముట్లు

తప్పనిసరిగా ఉండాల్సినవి ఏవి?

స్టీలు స్కేలు, విరిచి వాడే బ్లేడు కట్టర్, ఏ3 కటింగ్ మ్యాట్, ఆరె, 4 మిల్లీమీటర్ల దూరంలో పళ్ళు ఉండి, డైమండ్ ఆకారంలో రంధ్రాలు వేసే చిజెళ్ళు రెండు (తిన్నటి గీతకి ఆరు పళ్ళది, మలుపుకి రెండు పళ్ళది), మొన మొద్దుగా ఉన్న సూదులు రెండు, మైనం పట్టించిన దారం, నైలాన్ లేదా చెక్క సుత్తి, గరుకు కాగితం, అంచు రుద్దే చెక్క. ఇనుప సుత్తితో చిజెల్ తల పాడవుతుంది, రబ్బరు సుత్తి ఎగిరిపడుతుంది. ఇంట్లో బట్టలు కుట్టే సూది వద్దు, దాని మొన పక్కనున్న దారాన్నే పొడుస్తుంది.

కింద పెట్టడానికి చెన్నైలో సులువైన దారి కడప బండ. వంటింటి పని చేసే మేస్త్రీల దగ్గర అడుగున్నర ముక్క మిగిలి ఉంటుంది. నేరుగా దాని మీద కొడితే చిజెల్ పళ్ళు విరుగుతాయి. బండ మీద కూరగాయలు కోసే ప్లాస్టిక్ పలక వేసి, ఆ పైన తోలు పెట్టండి.

ఆన్‌లైన్‌లో యాభై పనిముట్ల సెట్ చవగ్గా వస్తోంది, కొననా?

వద్దు. నేను కొన్న అలాంటి సెట్లో అచ్చులు ముప్పై దాకా ఉన్నాయి, ఒక్కటీ వాడలేదు. చిజెల్ పళ్ళలో ఒకటి పొట్టిగా ఉండేది, ప్రతి ఆరో రంధ్రం మూసుకుపోయి ఉండేది. ఒక్కో పనిముట్టు అవసరం పడినప్పుడు కొనండి.

కోత చిరిగినట్టు వస్తోంది. కత్తి మార్చాలా?

మొన విరిచి కొత్త బ్లేడుతో ఒకసారి చూడండి, తొంభై పాళ్ళు అదే కారణం. కట్టర్‌ని నిటారుగా పట్టుకుని, ఒకేసారి నొక్కకుండా తేలిగ్గా మూడు సార్లు లాగండి. పదును పెట్టుకునే కత్తి అయితే అద్దం మీద 1000, తర్వాత 2000 నంబరు గరుకు కాగితం వేసి రుద్ది, చెక్కకి అంటించిన తోలు పట్టీ మీద పాలిష్ పూసి వెనక్కి లాగండి.

ఇంట్లో కుట్టు మిషన్ ఉంది. దానితో కుడితే?

0.8 మిల్లీమీటర్ల మేకతోలు రెండు పొరలైతే పాత నల్ల మిషన్ లాగుతుంది. తోలు సూది వేసి, కుట్టు పెద్దది పెట్టి, చక్రం చేత్తో తిప్పండి. అంతకన్నా మందమైతే మిషన్ టైమింగ్ పోతుంది, అమ్మతో మాట పడాల్సి వస్తుంది.

## కోత, అతుకు, కుట్టు

పెన్ను గీత పోవట్లేదు, ఏం చేయాలి?

వెజ్ టాన్ మీద బాల్‌పెన్ గీత పోదు. ఆరె మొనతో తేలిగ్గా గీయండి, ముదురు రంగు తోలు మీద సిల్వర్ పెన్ వాడండి.

ఏ జిగురు వాడాలి?

చెప్పుల పనివాళ్ళు, వడ్రంగులు వాడే పసుపు రంగు రబ్బరు జిగురు, ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటిది. నున్నటి వైపు అంటించాల్సి వస్తే ముందు గరుకు కాగితంతో గీకండి. రెండు వైపులా పల్చగా పూసి, వేలికి అంటనంత వరకు పది నిమిషాలకి పైగా ఆగి, అప్పుడు కలపండి. ఆత్రపడి తడి మీదే కలిపితే ఊడిపోతుంది. కిటికీలు తెరిచి, ఫ్యాన్ వేసి వాడండి, దీపం, స్టవ్వు దగ్గర వద్దు. పిల్లలున్న ఇంట్లో నీటితో చేసిన తోలు జిగురు మేలు.

దారం ఏది, ఎంత పొడవు?

4 మిల్లీమీటర్ల కుట్టుకి 0.6 మిల్లీమీటర్ల మైనం పాలిస్టర్ దారం. కుట్టు పొడవుకి నాలుగు రెట్లు, పైన సూదులకి ఒక జానెడు. చివర రెండు కుట్లు వెనక్కి వేసి, కొసలు కత్తిరించి, లైటర్‌తో కరిగించి నొక్కండి.

నా కుట్లు ఒకటి వాలుగా, ఒకటి తిన్నగా వస్తున్నాయి. ఎందుకు?

ప్రతి రంధ్రంలో మీ చేతులు ఒకే వరస పాటించడం లేదు, అంతే. ఒక దారానికి రెండు కొసల్లో రెండు సూదులు. ముందు ఎడమ సూదిని కుడికి దాటించండి. అది కొంచెం బయటికి వచ్చాక కుడి సూదిని దాని కింద ప్లస్ గుర్తులా పట్టుకుని, ఎడమ దారం లాగండి. ఇప్పుడు అదే రంధ్రంలో, దాటిన దారానికి ఎప్పుడూ ఒకే పక్క నుంచి, కుడి సూదిని పంపండి. పంపేటప్పుడు మొదటి దారాన్ని కాస్త లాగి పట్టుకుంటే సూది దాన్ని పొడవదు. రెండు దారాలు ఒకే బలంతో లాగండి. చేత్తో తడిమితే కుట్టు తోలులోకి కొద్దిగా దిగినట్టు ఉండాలి, తోలు ముడుచుకోకూడదు.

నేను మొదట్లో ప్రతి కుట్టుకీ "ఎడమ, కింద, వెనక, లాగు" అని పైకి అనుకుంటూ కుట్టేవాణ్ణి. ఫోన్ మోగితే ఆ రంధ్రం పూర్తి చేసే తీసేవాణ్ణి. మధ్యలో ఆపితే వరస తప్పుతుంది. ఇంకో కారణం చిజెల్. దాన్ని నిటారుగా కొట్టకపోతే ముందు గీత తిన్నగా, వెనక గీత పాములా వస్తుంది.

విదేశీ ప్యాటర్న్‌లో మన నోట్లు పడతాయా?

డాలరు నోటు కొలత 156 × 66 మిల్లీమీటర్లు, మన 500 నోటు 150 × 66. కాబట్టి అమెరికా ప్యాటర్న్ సరిపోతుంది. పాత 100 నోటు మాత్రం 73 మిల్లీమీటర్ల ఎత్తు, అది పైకి తొంగిచూస్తుంది. ఎత్తు ఒక సెంటీమీటరు పెంచుకోండి.

## అంచు, రంగు, నూనె

అంచు మెరవడం లేదు. ఎంతసేపు రుద్దాలి?

సమస్య రుద్దడంలో ఉండదు, అంతకు ముందే ఉంటుంది. కుట్టిన పొరలన్నీ ఒకే గోడలా అయ్యే వరకు 220, తర్వాత 400, 600 గరుకు కాగితంతో సాపు చేయండి. మూలల పదును తీసేయండి. అప్పుడు వేలితో కొంచెం తడి చేసి, చెక్కతో వేడి పుట్టేలా రుద్దండి. చివర తేనెమైనం పూసి గుడ్డతో రుద్దండి. తడి ఎక్కువైతే అంచు పుట్టగొడుగులా పరుచుకుంటుంది. క్రోమ్ తోలు అయితే రుద్దకుండా ఎడ్జ్ పెయింట్ రెండు మూడు పూతలు వేయండి.

కొబ్బరి నూనె రాయొచ్చా?

పని జరుగుతుంది, కానీ మరకలుగా ముదురుతుంది, ఎక్కువైతే తోలు జావలా వదులై బూజుకి తావిస్తుంది. నేను నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసేది) మూడు వంతులు, తేనెమైనం ఒక వంతు వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి డబ్బాలో పోసుకుంటాను. గుడ్డకి అంటీ అంటనట్టు రాస్తే చాలు.

తడిపిన తోలు మీద నల్ల మచ్చలు వచ్చాయి. ఇదేం జబ్బు?

తడి వెజ్ టాన్‌కి ఇనుము తగిలితే అందులోని వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. స్కేలు, బైండర్ క్లిప్పు, స్టీలు పొడి, ఏదైనా చాలు. వెంటనే చూస్తే నీళ్ళు కలిపిన నిమ్మరసంతో తుడిచి, మంచినీళ్ళతో మళ్ళీ తుడవండి. ఇదే గుణాన్ని కావాలని కూడా వాడుకోవచ్చు. వెనిగర్‌లో ఇనుప పీచు వేసి, మూత వదులుగా పెట్టి, వారం నానబెడితే తోలుని లోపలి దాకా నల్లగా మార్చే రంగు సిద్ధం.

## చెన్నై ఉక్క, వాన

బీరువాలో పెట్టిన తోలుకి బూజు పట్టింది. పారేయాలా?

అక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ ఇది అందరికీ జరిగేదే. ఒక నవంబరులో నా బెల్టులు నాలుగు తెల్లగా పొడి చల్లినట్టు అయ్యాయి, తప్పు నాదే, ప్లాస్టిక్ కవర్లో చుట్టాను. బాల్కనీలో పొడి గుడ్డతో తుడవండి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. ముందు కనబడని మూల రంగు పోతుందేమో చూసుకోండి. నీడలో, గాలి తగిలేలా ఒక రోజు ఆరబెట్టండి. ఇకపై పాత కాటన్ చీరలో చుట్టి, మడత పెట్టకుండా గొట్టంలా చుట్టి, గోడకి దూరంగా పెట్టండి. పక్కన సిలికా జెల్ పొట్లాలు వేయండి.

పనిముట్లు తుప్పు పడుతున్నాయి.

పని అయ్యాక కుట్టు మిషన్ నూనె ఒక చుక్క గుడ్డకి రాసి తుడవండి. వాడే ముందు ఆ నూనె శుభ్రంగా తీసేయండి, లేకపోతే తోలుకి అంటుతుంది.

వానలో పర్సు పూర్తిగా తడిసింది. ఇప్పుడేం చేయాలి?

హెయిర్ డ్రయ్యర్, ఎండ, ఇస్త్రీ ఏదీ వద్దు. వేడి తగిలితే తడి తోలు ముడుచుకుని, ఆరాక విరుగుతుంది. కార్డులన్నీ తీసేసి, గుడ్డతో అద్ది, లోపల తెల్ల కాగితం కుక్కండి. న్యూస్‌పేపర్ సిరా అంటుకుంటుంది. కాగితం తడిసినప్పుడల్లా మార్చండి. ఫ్యాన్ గాలికి రెండు రోజులు ఆరనిచ్చి, ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే వేళ్ళతో అసలు ఆకారంలోకి వంచి, పల్చగా నూనె పూయండి.